బోల్టులు లేని తుపాకులు

మార్చి 12, బుధవారం
మధ్యాహ్నం మూడున్నర

నాతో మాటలు మానేసి నేటికి పదమూడు రోజులు పూర్తి చేసుకున్న మనవరాలికి అమ్మమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మీ నాన్న ఒక కాలితో, మీ అమ్మ అరపూట తిండితో, నేను గడియ వేసిన తలుపుతో క్షేమం. అక్కడ నువ్వూ, నువ్వు బాగుచేసే లిఫ్టులూ క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే చించాలి. చించేముందు ఒకసారి చదవకుండా ఉండలేవు, నీ సంగతి నాకు తెలుసు.

ముందు అసలు విషయం. శనివారం మీ నాన్నకు రెండో ఆపరేషన్. కాలు నిలుస్తుందో, మోకాలి పైదాకా తీసేయాలో ఆ రోజు తేలుతుంది. నువ్వు బయల్దేరి వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. రావద్దు. కోపంతో అనడం లేదు, భయంతో అంటున్నాను. ముప్పైరెండేళ్లు బడిలో పెద్దపంతులమ్మగా ఉండి ఊరందరినీ భయపెట్టినదానికి భయమేమిటని నవ్వుతావేమో. నవ్వు. నవ్వి, ఉన్నచోటే ఉండు.

ఆసుపత్రి వరండాలో నువ్వు నన్ను ఒక మాట అడిగి వెళ్లిపోయావు. ఆ ఇనుప ముక్కలు మా నాన్న కాలికంటే ఎక్కువైపోయాయా అమ్మమ్మా అని. జవాబు కోసం ఆగలేదు. నర్సులంతా చూస్తుండగా అడిగావు కాబట్టి జవాబిచ్చే హక్కు నాకుంది.

మీ నాన్న స్టోర్‌కీపరుగా పనిచేసే ఆ పాత ఐసు ఫ్యాక్టరీ నీకు తెలిసిందే. మామూలు రోజుల్లో బస్సులు నడుపుతూ, గోడలకు సున్నాలు వేస్తూ, పిలుపొస్తే యూనిఫాం తొడుక్కునే రిజర్వు సిపాయిల తుపాకులు అక్కడుంటాయి. నేను వారానికొకసారి వెళ్లి, వాటిని లెక్కపెట్టి, సంతకం చేసి వస్తానని మాత్రమే మీకందరికీ తెలుసు. పింఛను తీసుకునే ముసలిదానికి కాలక్షేపం అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

తుపాకీలో తూటా వెనకాల తలుపులా మూసుకునే ముక్క ఒకటుంటుంది. బోల్టు అంటారు. జానెడు కూడా ఉండదు. అది తీసేస్తే తుపాకీ ఒట్టి గొట్టం, పొయ్యి ఊదుకోవడానికి తప్ప పనికిరాదు. అందుకని తుపాకులు ఒకచోట, బోల్టులు ఇంకొకచోట దాస్తారు. తుపాకులకు కాపలా ఉండేవాడికి బోల్టులు ఎక్కడున్నాయో తెలియకూడదు. ఆ సంగతి ఇద్దరికే తెలియాలి. ఒకరు ఆ సిపాయిల మేజరు, రెండోవారు సైన్యంతో సంబంధం లేని ఒక పౌర సాక్షి. ఆ సాక్షిని నేను. స్టోర్‌కీపరుకూ సాక్షికీ రక్తసంబంధం ఉండరాదని రూలు. అత్తగారి మాట రూలులో లేదు. అత్తా అల్లుడూ ఏకమై కుట్ర పన్నడం తన సర్వీసులో ఎన్నడూ చూడలేదని మేజరు నవ్వి సంతకం పెట్టేశాడు.

ఆ మంగళవారం పదిన్నరకు నేను వరసలు లెక్కపెడుతున్నాను. నిప్పు ఆర్పే సిలిండర్లు మార్చడానికి వచ్చామని ముగ్గురు లోపలికొచ్చారు. గేటు దగ్గరి సిపాయిని అప్పటికే కట్టి పడేశారని మాకు తెలియదు. సిలిండర్లున్న పెట్టెలోంచి తుపాకులు తీశారు. వాళ్ల నాయకుడిది మెత్తటి గొంతు. పెద్దమ్మగారూ, నిలబడలేరు, కూర్చోండి అని నాకు కుర్చీ జరిపాడు. ఆ మర్యాదకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. తిట్టేవాడినైతే తిరిగి తిట్టగలను. కుర్చీ వేసేవాడిని ఏం చేయను?

ఒక తుపాకీ అందుకుని వెనక చూశాడు. ఖాళీ. బోల్టులేవిరా అని మీ నాన్నను అడిగాడు. నాకు తెలియదండీ, తెలియకూడదనే రూలండీ అన్నాడు మీ నాన్న. మరెవరికి తెలుసు అంటూ వాడు గది చుట్టూ చూశాడు. గదిలో ఇంకెవరున్నారు? నేనే. మీ నాన్నను కింద కూర్చోబెట్టి, మోకాలికి తుపాకీ ఆనించి, పెద్దమ్మగారూ ఎక్కడున్నాయి అని మూడుసార్లు అడిగాడు. కేక వేయలేదు, తొందరపెట్టలేదు.

మీ నాన్న నా వంక చూశాడు. చెప్పొద్దు అత్తయ్యగారూ అన్న చూపది. నేను చెప్పలేదు.

తర్వాత సంగతి నీకు తెలుసు. పోతూ పోతూ వాడు నాతో, గట్టి మనిషివి పెద్దమ్మా, మళ్లీ కలుద్దాం అన్నాడు. ఇరవయ్యారు గొట్టాలు పట్టుకుపోయారు. బోల్టులు కూడా దొరికి ఉంటే ఆ ఇరవయ్యారూ ఈపాటికి ఏ బస్సు మీదో, ఏ బ్యాంకు మీదో పేలి ఉండేవని మేజరు చెప్పాడు. నీ ప్రశ్నకు జవాబు ఇదే. సోమవారం నాకు ప్రశంసాపత్రం ఇస్తారట. బోల్టులు ఉన్నచోటే ఉంచుతారట, నాకంటే నమ్మకమైన మనిషి వాళ్లకు దొరకదట.

ఇక నా ధైర్యం వినిపిస్తాను, విను. మన ఇంటి గేటు దగ్గర ఒక కానిస్టేబుల్‌ని పెట్టారు. ఎంత బక్కవాడంటే, ఫ్యాను వేస్తే అతన్ని ఎవరైనా పట్టుకోవాలి. నిన్న నీళ్ల ఫిల్టరు బాగుచేసేవాడు బెల్లు కొట్టాడు. రమ్మన్నది నేనే. అయినా తలుపు వెనక గొడుగు పట్టుకుని పావుగంట నిల్చున్నాను. గొడుగుతో ఏం చేద్దామనో నన్నడగకు, అతనికి ఎండ తగలకుండా పట్టాలనేమో. వీధిలో వ్యాను ఆగితే లైటు ఆర్పేస్తాను. స్నానానికి వెళ్తే నీళ్ల చప్పుడులో అడుగుల చప్పుడు వినపడదని కుళాయి కట్టేసి వింటాను. ఒంటికి సబ్బు ఆరిపోతుంది.

వాళ్లకు బోల్టులు కావాలి. ఎక్కడున్నాయో తెలిసిన ముసలిది ఏ ఇంట్లో ఉంటుందో వాళ్లకు తెలుసు. నన్ను కాల్చరు. కాలిస్తే చెప్పేదెవరు? నా కళ్లముందు ఇంకొకరిని కూర్చోబెడతారు. ఆ ఇంకొకరు నువ్వు కావడం నాకిష్టం లేదు. అందుకే రావద్దంటున్నాను. మీ నాన్నను చూసుకోవడానికి మీ అమ్మ ఉంది, నేనున్నాను. నాతో మీ అమ్మ మాట్లాడుతూనే ఉంది. మందుల గురించి, టిఫిను డబ్బా గురించి.

నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా,
మీ అమ్మమ్మ

తా.క. గురువారం, సాయంత్రం నాలుగు.

కవరు అంటించలేదు. మంచిదైంది.

పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది. పెద్దమ్మగారూ, అల్లుడుగారి మోకాలు ఎలా ఉంది అన్నాడు. అదే గొంతు. మీ మనవరాలు లిఫ్టు గుంటల్లోకి దిగి పనిచేస్తుందట కదా, ఆడపిల్ల, జాగ్రత్తగా ఉండమనండి అని పెట్టేశాడు. మీ ఊరి పోలీసులకు మేజరు కబురు చేశాడు, ఇద్దరు వస్తారు, వాళ్లతో వెటకారాలాడకు.

పైన రాసిన దానిలో ఒక అబద్ధం ఉంది. మీ నాన్న చూపు. చెప్పొద్దని ఆయన చూడలేదు. అసలు చూపే కాదది. చెప్పండి అత్తయ్యగారూ, చెప్పేయండి అని నోటితోనే అన్నాడు, రెండుసార్లు.

నేను చెబుదామనే నోరు తెరిచాను. అగ్నిమాపక కేంద్రంలో, చిరిగిన నీళ్లగొట్టాల గదిలో. అప్పట్లో బోల్టులుండే చోటు అది. ఐదే మాటలు. పెదవులు ఆడాయి, గొంతు పెగల్లేదు. వాడు మూడోసారి అడిగి, ఆగి, వంగి నా మొహంలోకి చూశాడు కూడా. నాకు ఊపిరి తప్ప ఏమీ రాలేదు. బోల్టుల కోసం కాదు, బస్సుల కోసం కాదు, ఊరి కోసం అసలే కాదు. మీ నాన్న మోకాలికి బదులుగా ఆ క్షణంలో ఇరవయ్యారేమిటి, ఉన్నవన్నీ అప్పగించేసేదాన్ని. భయంతో నోరు పడిపోయింది, అంతే. తర్వాత అందరూ దానికి గుండె నిబ్బరమని పేరు పెట్టారు. నేను కాదనలేదు. పిరికిదానిగా ఉండడం కంటే రాతిగుండె అమ్మమ్మగా ఉండడమే నయమనిపించింది, నీ కోపంతో సహా.

కానీ ఈసారి నిన్ను కూర్చోబెడితే? గొంతు పెగిలితే చెప్పేస్తాను. పెగలకపోతే నువ్వు పోతావు. రెండింటిలో ఏదీ నాకొద్దు.

బక్క కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని మేజరు దగ్గరికి వెళ్లాను. ఉన్నదంతా చెప్పాను. బోల్టులు ఇప్పుడే మార్చు, ఎక్కడికో నాకు చెప్పకు అన్నాను. ఆయన, ఇది మనిద్దరి మధ్యే ఉండనివ్వండమ్మా, సోమవారం కార్యక్రమం జరిగిపోనివ్వండి అన్నాడు. నాకు తెలియకపోతే చాలదు నాయనా, నాకు తెలియదని వాడికి తెలియాలి అన్నాను. అందుకని పేపర్లో వేయమన్నాను. దోపిడీ వేళ రహస్యం చెప్పేయబోయానని తనే ఒప్పుకున్నందుకు పౌర సాక్షిని తొలగించారని, బోల్టులు ఊరు దాటించారని, నా ఫోటోతో సహా. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. వాంగ్మూలం నేనే రాసిచ్చాను. ముందు ఆయన రాసిన దానిలో మూడు తప్పులున్నాయి మరి. మధ్యాహ్నానికల్లా బోల్టులు తరలించేశారు.

అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్లి మీ నాన్నకు చెప్పాను. పేపరు కంటే ముందు ఆయన వినాలి కదా. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని విన్నాడు. అయితే చెప్పబోయారా అత్తయ్యగారూ అన్నాడు. అవునయ్యా అన్నాను. పదిహేను రోజులుగా నేను మిమ్మల్ని పగవాళ్లలా చూస్తున్నాను, ముందే చెప్పి ఏడవచ్చుగా అన్నాడు. ఏడ్చేశాను. ఆయన కూడా. మీ అమ్మ టిఫిను డబ్బాతో వచ్చి మా ఇద్దరినీ తిట్టింది.

రేపు పొద్దున పేపరు వస్తుంది. బజారంతా చదువుతుంది. పాత విద్యార్థులు చదువుతారు, పాలవాడు చదువుతాడు, గేటు దగ్గరి కానిస్టేబుల్ నేను కనబడితే మడిచి దాచుకుంటాడు. వీళ్లందరి సంగతీ నేను చూసుకోగలను. చదవాల్సినవాడు మాత్రం ఒక్కడే. ఆ మెత్తగొంతు వాడికి పేపరు చదివే అలవాటు ఉందో లేదో ఎవరికీ తెలియదు.