కిమోల

జమ్మలమడుగు

రఘునాథన్నకు మెహబూబున్నీసా సలాం.

మీరు ఫోను ఎత్తరని ఉత్తరం రాస్తాండా. కువైట్ నుంచి వచ్చిన మూడు నెలలకే మీ స్నేహితునికి, మా ఇంటాయన హుమాయున్‌కు, పక్షవాతం వచ్చింది. తెలుగు పోయింది, ఉర్దూ పోయింది. ఒక్క మాటే మిగిలింది: ‘కిమోల’. పొద్దస్తమానం అదే. పులివెందుల హాస్టల్లో మీరిద్దరూ ఏదో బాస కనిపెట్టినారంట గదా. దానర్థం ఏందన్నా?

ఇట్లు, దిక్కుతోచక,
మెహబూబున్నీసా

తా.క.: తిట్టయితే కొంచెం నయంగా చెప్పండి. నన్ను చూసే అంటాండాడు.

*

ప్రొద్దుటూరు

మెహబూబున్నీసా!

(‘గౌరవనీయులైన’ అనే బానిస మాట నేను రాయను.)

అది ‘ఏదో బాస’ కాదు. అయ్యా, దొరా లేని సమభాష! నూటపన్నెండు మాటలు చేశాం. వినగానే కులమూ మతమూ బయటపెడతాయని మనుషుల పేర్లు కూడా రద్దు చేశాం. ‘కిమ్’ అంటే పిడికిలి. దాన్నుంచి పుట్టింది ‘కిమోల’, పోరాటం. అది వదిలేసి షేకు కారు తోలడానికి పోయినవాడికి ఇప్పుడు గుర్తొచ్చిందా?

ఎవరికీ విధేయుడు కాని,
రఘునాథ్

తా.క.: సమభాషలో కువైట్‌కు మాట లేదు. కావాలనే చేయలేదు.

*

జమ్మలమడుగు

రఘునాథన్నకు,

పోరాటమని చెప్తిరి గదా, మా బిడ్డ ఆర్షియా ఎర్ర చున్నీ కట్టెకు కట్టి మంచం కాడ ఊపింది. ఆయన కండ్లు మూసుకున్న్యాడు. పోరాటం నా మీదనేమోనని మా అత్త ఖమర్‌బీ రెండు దినాలు నాతో మాట్లాడలే. వాకిలి తట్టు చూస్తాడు, కిమోల అంటాడు, చెవి పెట్టి కాసుకుంటాడు. నిన్న పదిసార్లే అన్న్యాడు. ఈ పొద్దు మూడే. ఆ మాట గూడా పోతే ఆయన కాడ ఇంగేం మిగల్దు. నిజం చెప్పన్నా.

మెహబూబున్నీసా

తా.క.: ఆయన తోలింది షేకు కారు గాదు, పాయఖానా ట్యాంకరు. మీ బాసలో దానికన్నా మాట ఉందా?

*

ప్రొద్దుటూరు

మెహబూబున్నీసా గారికి,

లేదు. పిడికిలి కూడా లేదు. నేను రాసిందంతా అబద్ధం.

పేర్లు రద్దు చేసిన రోజు, ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలో తెలియక ఇద్దరం గది మధ్యలో నిలబడిపోయాం. వాడు నోటికొచ్చింది ఏదో అన్నాడు. నేను పలికాను. అదే నా పేరయింది.

కువైట్ పోయేనాడు బస్సు కిటికీలోంచి ఆ పేరుతోనే పిలిచాడు. ద్రోహివన్నాను. వాడు మళ్లీ పిలిచాడు. నేను తల తిప్పుకున్నాను. ఇప్పటిదాకా పలకలేదు.

ఈ ఉత్తరం కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. నేను వెనక బస్సులో వస్తున్నాను.

సిగ్గుతో,
కిమోల

తా.క.: నేను వచ్చేలోపు వాడు మళ్లీ అంటే, ఎవరో ఒకరు ‘ఊఁ’ అనండి.