అడ్డుకో, రాయకు

బిష్కెక్,
అక్టోబరు, గురువారం.

అమ్మకి సాల్కిన్ సలాములు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, మీరిమ్ వదినా, చిన్నదీ అక్కడ బాగున్నారని తలుస్తాను. మొదటి మాట అలవాటు కొద్దీ రాశాను, దాన్ని అంతగా నమ్మకు.

మార్ష్రుట్కా వ్యాను డ్రైవరు నీ ఉత్తరమూ, ఎండు పెరుగు కురుత్ ఉండల సంచీ తెచ్చిచ్చాడు. "మీ అమ్మతో ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది, మీకు ఉత్తరాలే మేలు తల్లీ" అన్నాడు. నీ చెవి సంగతి డాక్టరు దగ్గర కనుక్కున్నాను. ఎడమదానికి మిషను పెడితే కొంత వినపడుతుందట, కుడిదాని మీద ఆశ వదులుకోమన్నాడు. నా పన్ను పీకించేశాను. బొగ్గు ఈసారి ముందే దించుకోండి, పోయినేడులా మంచు పడ్డాక ఊరంతా తిరగొద్దు. పెళ్ళి సంగతి మళ్ళీ అడిగావు. ఎప్పటి జవాబే.

గురువారాలు బోర్సోక్ పిండిముక్కలు వేస్తున్నావా, పోయినవాళ్ళకి ఆ నూనె వాసనే కదా అన్నం అని అడిగావు. వేస్తున్నానమ్మా. ఒక్క గురువారం కూడా తప్పలేదు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, పిచ్చిదాన్నైపోయానని భయపడకు. నూనె కాగి పొగ లేవగానే తలుపు మీద చప్పుడవుతుంది. వేళ్ళతో కొట్టడం కాదు, అరచేత్తో చరచడం. మనింట్లో అలా కొట్టేది ఒక్కడే. స్టవ్వు ఆపి వెళ్ళి తీస్తాను. ఎవరూ ఉండరు. ఎదురింటావిడ నన్ను చూసి పిల్లి తప్పిపోయిందా అని అడుగుతుంది. తాలాయ్ అన్నయ్యని ఆ కనుమ కింద పూడ్చి వచ్చే నెలకి ఏడాదవుతుంది, నేను మాత్రం వారం వారం తలుపు తీస్తూనే ఉన్నాను.

ఇక నీ ఉత్తరం అడుగున పెన్సిలుతో రాసిన మాటలు. అవి చదివి నాలుగు రోజులు కాగితం మడత విప్పలేదు. తాలాయ్‌కి ఏడాది అష్ విందు పెట్టాలి, ఊరిని పిలవాలా వద్దా, పిలిస్తే ఒక్కడైనా గుమ్మం తొక్కుతాడా అన్నావు. చిన్నదాన్ని బడిలో "నీళ్ళమ్ముకున్నోడి కూతురు" అంటున్నారన్నావు. ఆఖరున, "ఊరి క్లబ్బులో అందరి ముందూ చెప్పిన మాట మీదే ఇంకా ఉన్నావా? నాకు ఒక్కసారి సూటిగా చెప్పు" అన్నావు.

నువ్వు జ్వరంతో ఇంట్లో ఉండి ఆ రోజు క్లబ్బుకి రాలేదు. ఏం జరిగిందో తలా ఒక రకంగా నీకు చెప్పి ఉంటారు. అసలు జరిగింది ఇది. పచ్చికబయలు కమిటీకి పెద్దగా ఉన్న అన్నయ్య పేరున, ఊటతో సహా ఎగువ బయలంతా గనివాళ్ళకి రాసిచ్చినట్టు కాగితం వచ్చింది. కింద అతని ఎలక్ట్రానిక్ సంతకం. అన్నయ్య రొట్టె తెచ్చి తలమీద పెట్టుకుని, తను పెట్టి ఉంటే ఆ రొట్టే తనని కొట్టాలని ఒట్టేశాడు. ఊరు సగం మెత్తబడింది. రొట్టె మీద అబద్ధమాడేవాడు మనలో పుట్టలేదు కదా. అప్పుడు అస్కర్ తాత నా వైపు తిరిగాడు.

"నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదమ్మా. ఇంకెవడైనా పెట్టగలడా?"

"పెట్టలేడు తాతా. అన్నయ్య తాళంచెవితో తప్ప ఆ సంతకం పడదు. ఆ యంత్రానికి నియమాలు రాసింది నేనే."

ఎంత గర్వంగా అన్నానో తెలుసా? అన్నయ్య తలమీంచి రొట్టె దించి బల్ల మీద పెట్టాడు. నా వైపు చూడలేదు. సొంత చెల్లెలే అన్నాక ఇంకేముందని జనం లేచిపోయారు.

నా పనేమిటని నువ్వెప్పుడడిగినా కంప్యూటర్లకి కంచె కడతానని నవ్వి తప్పించుకున్నాను. ఈసారి సరిగ్గా చెబుతాను, విను. మా ఆఫీసులో జనానికి తాళంచెవులు తయారుచేసే ప్రోగ్రాము ఒకటి ఉంది. ఎవరి తాళంచెవి ఉంటే వాళ్ళ పేరున సంతకం పెట్టొచ్చు. అంతటి దాన్ని విచ్చలవిడిగా వదలకూడదు. అది ఏ గదిలో అడుగు పెట్టొచ్చో, ఏది ముట్టుకోవచ్చో ముందే నియమాలు రాసి పెడతాం. రాయనిదేదీ అది చెయ్యలేదు. దాన్ని నడిపేది గుమాస్తా అయినా, మా పెద్దాఫీసరయినా, యంత్రం మొత్తం చేతిలో ఉన్నవాడయినా ఆ గీత దాటలేరు. దాటబోతే ఆ నియమాల కాపలా ఆపేసి, ఫలానా వేళ ఫలానా తలుపు తట్టింది, రానివ్వలేదు అని చిట్టాలో రాస్తుంది.

తాళంచెవి చెయ్యాలంటే ముందు ఆ ప్రోగ్రాము మన పిల్లలు చుకో ఆటలో గొర్రె ఎముకలు విసిరినట్టు విసరాలి. ఎలా పడితే అలా పడ్డ ఆ వరుసలోంచే చేస్తుంది కనుక ఒకరిది మరొకరు ఊహించలేరు. పోయినేడు మార్చిలో కొత్త ప్రోగ్రాము వేశారు. అది ఎముకల కోసం వేరే గదికి వెళ్ళడం మొదలెట్టింది. నా నియమాల్లో ఆ గది లేదు. కాపలా ఆపింది, చిట్టాలో రాసింది, మళ్ళీ ఆపింది, మళ్ళీ రాసింది. వారంలో చిట్టా నిండిపోయింది. తనిఖీవాళ్ళు వస్తున్నారని కెనెష్ గారు, అంటే మా పెద్దాయన, నా బల్ల దగ్గరికొచ్చారు. తాళంచెవులు వస్తూనే ఉన్నాయి కదా, ఈ గోలెందుకు, దాని నోరు మూయించు అన్నారు. అలాంటివాటికి మా దగ్గర ఒక వాక్యం ఉంది. అడ్డుకో, కానీ రాయకు. ఆయన చెప్పారన్నది నిజమే, రాసిన చెయ్యి మాత్రం నాది. టీ చల్లారేలోపు పనైపోయింది.

ఎముకలు అందకపోతే మరి తాళంచెవులు ఎలా వస్తున్నాయని నేను అడగాలి. నా ఉద్యోగమే అది. అడగలేదు.

అది గడియారం చూసి, ఆ క్షణపు అంకెలతో చేసి ఇచ్చేస్తోందమ్మా. ఎవరు ఏ నిమిషంలో తీసుకున్నారో తెలిస్తే, అందులోని క్షణాలు ఒక్కొక్కటే వేసి చూసి అలాంటిది ఇంకొకడు చేసుకోవచ్చు. ఆ నిమిషం వాళ్ళకిచ్చే కాగితం మీదే అచ్చయి ఉంటుంది. అన్నయ్య ఆ ఏప్రిల్‌లో తీసుకున్నాడు. వరుసలో నిలబడే పని లేకుండా నేనే దగ్గరుండి ఇప్పించాను.

మూడు వారాల కిందట ఓష్‌లో ఒకావిడదీ, తలాస్‌లో ఒకావిడదీ ఒకటే తాళంచెవి అని బయటపడింది. ఇద్దరూ ఒకే క్షణంలో తీసుకున్నారు. ఆఫీసులో కవలలు పుట్టారని నవ్వుకున్నారు. నేను వెళ్ళి ఆ వాక్యం తీసేశాను. చిట్టా కదిలింది. తట్టింది, రానివ్వలేదు. తట్టింది, రానివ్వలేదు. ఏడాదిన్నరగా అలా తడుతూనే ఉంది, ఆ సంగతి రాయొద్దని చెప్పింది నేను.

తరవాత అన్నయ్య తాళంచెవి తీసుకున్న నిమిషం పట్టుకుని, అలాంటిది చెయ్యగలనేమోనని చూశాను. మొదటిసారి కుదరలేదు. రెండోసారీ, మూడోసారీ కుదరలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య అబద్ధమే ఆడాడని సంతోషించానమ్మా, చచ్చినవాడి మీద. నాలుగోసారి కుదిరింది. ఎవరినీ అడగకుండా, పట్టపగలు నా కుర్చీలో కూర్చుని తాలాయ్ సంతకం పెట్టాను. అసలుకీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. నేను పెట్టగలిగినప్పుడు గనివాళ్ళ మనిషీ పెట్టగలడు.

లేనమ్మా, ఆ మాట మీద లేను. అన్నయ్య పెట్టలేదు.

ఇంకొకటి మిగిలింది. పోయినేడు క్లబ్బు గొడవయ్యాక, చెల్లెలి గడప తొక్కని పౌరుషం ఏం పౌరుషమని వదిన అతన్ని దెప్పేది కదా. అతను తొక్కాడు. అక్టోబరులో ఒక ఆదివారం, పగలు పదకొండింటికి వచ్చాడు. అరచేత్తో తలుపు చరిచాడు. నేను బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను.

"సాల్కిన్, తలుపు తియ్యకపోయినా ఏం కాదులే. ఆ యంత్రాన్ని ఒక్కసారి చూడు. నేను పెట్టలేదే" అన్నాడు.

రేడియో తగ్గించి, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. చాలాసేపు నిలబడ్డాడు. మెట్లు దిగిపోయాక తీసి చూస్తే బజారులో కొన్న పియర్ పళ్ళ సంచి పెట్టి ఉంది. పళ్ళు తిన్నాను. వచ్చాడని మీకెవరికీ చెప్పలేదు. పదహారు రోజులకి కనుమ మీంచి గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. పరువు పోయి కావాలనే మంచులోకి వెళ్ళాడని ఊరనుకుంది. ఏమో, నాకు తెలీదు. ఆ రోజు లోపలికి రమ్మని టీ పోసి ఉంటే తెలిసేదేమో.

ఈ తాళంచెవుల మీద వేసిన విచారణ కమిషనుకి అంతా రాసిచ్చాను. ప్రోగ్రాము లోపమని రాస్తే చాలదా, మనుషుల పేర్లెందుకని కెనెష్ గారు బతిమాలారు. నా పేరు రాశాను, ఆయనదీ రాశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వాళ్ళిష్టం. కానీ ఆ కాగితం కదిలేసరికి వసంతం వస్తుంది, అష్ వచ్చే నెలలోనే ఉంది. అందుకే నిన్నొకటి అడుగుతున్నాను. నువ్వు టీచరువి, ఒకప్పుడు క్లబ్బులో ఊరందరికీ పేపరు చదివి వినిపించినదానివి. ఈ ఉత్తరం అక్కడే నిలబడి చదువు. అస్కర్ తాతని ముందు కూర్చోబెట్టు. చిన్నదాన్నీ తీసుకెళ్ళు. తరవాత అష్‌కి పిలువు. నన్ను పిలవాలో వద్దో వదిన చెబుతుంది, ఆవిడ మాట దాటను.

నీ సంగతి నాకు తెలుసు. ఒకడు పోయాడు, ఉన్న ఒక్కదాన్నైనా దాచుకుందామని చూస్తావు. నా పేరొచ్చిన చోట గొంతు తగ్గించి "ఎవరో ఆఫీసు మనిషి" అనేస్తావు. తలుపు తియ్యని సంగతి అసలే దాటేస్తావు. అలా చెయ్యకమ్మా. అన్నయ్య పెట్టలేదన్నది ఎంత గట్టిగా చదువుతావో, నా పేరూ అంత గట్టిగానే చదువు.

ఇట్లు,
నీ కూతురు, తాలాయ్ చెల్లెలు
సాల్కిన్