సిస్టమ్‌కి వదులుగా, మనకి బిగుతుగా

చిరంజీవి పిచ్చుకమ్మకు, టైలరు మావయ్య సూది పక్కన పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం, కొలతల రిజిస్టర్లు తప్ప. నలభై ఏళ్ళవి, పదకొండింటికీ చెదలు పట్టింది. నేను మనిషికి ఒక్కసారే టేపు పెడతానని నీకు తెలుసుగా. ఆ తర్వాత గుడ్డ పంపిస్తే చాలు, రిజిస్టరు చూసి కుట్టేస్తాను. అవి పోతే నా షాపు పోయినట్టే. అందుకని ఒక పాత కంప్యూటరు, స్కానరు కొన్నాను. లినక్స్ ఎక్కిస్తుంటే డిస్కులో ఏ భాగానికి ఎంత చోటివ్వాలని అడిగి ఆగిపోయింది. మూడు రోజులుగా దాని మొహం నేనూ, నా మొహం అదీ చూసుకుంటున్నాం. మొత్తం ఐదు వందల జీబీ. ఎలా కత్తిరించమంటావు?

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోను చెయ్యకు. ఫోనులో చెబితే వింటాను, కాగితం మీద ఉంటేనే కత్తెర పెడతాను.

*

మావయ్యకు నమస్కారాలు.

మా ఆఫీసు కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనే, కాబట్టి కళ్ళు మూసుకుని నమ్మండి. సిస్టమ్‌కి యాభై. స్వాప్‌కి ఎనిమిది. మిగిలిందంతా హోమ్‌కి, మీ స్కాన్లు ఉండేది అక్కడే. స్వాప్ అంటే మీ షాపు బయట బెంచీ అనుకోండి. లోపల ర్యామ్ నిండిపోతే కొన్ని పనులు కాసేపు అక్కడ కూర్చుంటాయి.

మీ పిచ్చుక

తా.క. వదులు పెట్టకండి. ఇది ప్యాంటు కాదు.

*

పిచ్చుకమ్మా, దీర్ఘాయుష్మతీ భవ.

నీ లెక్క చూసి మీ అత్తయ్యా నేనూ ఒకటే నవ్వు. చాకిరీ అంతా చేసే సిస్టమ్‌కి యాభయ్యేనా? రేపు అది ఒళ్ళు చేస్తే? మూడు వందలిచ్చాను. స్వాప్‌కి నూట యాభై. మా బెంచీ సంగతి నీకేం తెలుసు, పెళ్ళిళ్ళ రోజుల్లో జనం మెట్ల మీద కూర్చుంటారు. మిగతా యాభై మనకి. ఇంట్లోవాళ్ళం, సర్దుకోలేమా?

మావయ్య

తా.క. స్కాన్ అయిన రిజిస్టరును అయినట్టే మీ అత్తయ్య పెరట్లో తగలబెడుతోంది, చెదలు బీరువాకి పాకకుండా.

*

మావయ్యా, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాను.

సిస్టమ్ మీ కస్టమరు కాదు, అది ఒళ్ళు చెయ్యదు. ఆ యాభై మూడో రిజిస్టరుకే నిండిపోతుంది. ముందు అత్తయ్య చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కోండి.

పిచ్చుక

తా.క. నవ్వింది చాలు.

*

పిచ్చుకమ్మకు మావయ్య ఆశీస్సులు.

అన్నంత పనీ అయింది, మూడో రిజిస్టరుకే నిండింది. సిస్టమ్‌గారు మూడు వందల్లో పన్నెండు వాడుకుని, మిగతా చోట కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. స్వాప్ బెంచీ మీద ఈగ కూడా వాలలేదు. అయినా నేను టైలర్ని, గుడ్డ చాలకపోతే ఉపాయం నాకు తెలుసు. మనిషికి రెండు చేతులూ ఒకటే కదా, ప్రతి పేజీలో కుడి సగం కత్తిరించేసి, ఉన్నదాన్ని చిన్నది చేసి దాచాను. అలా పదకొండూ ఎక్కాయి. నీ ఉత్తరం అందేసరికి పదకొండూ బూడిదయ్యాయి. ఇప్పుడు కొత్త కస్టమరొస్తే పెట్టడానికి చోటు లేదు, ఏం చెయ్యను?

మావయ్య

తా.క. లెక్కల మాస్టారికి ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆయనకింకా చెప్పలేదు.

*

మావయ్యకు నమస్కారాలు.

లినక్స్ మళ్ళీ మొదటినుంచి ఎక్కించండి. ఫార్మాట్ అని అడిగితే సరేననండి. సిస్టమ్‌కి యాభై, స్వాప్‌కి ఎనిమిది, మిగిలిందంతా హోమ్‌కి. ఈసారి సొంత తెలివి వద్దు.

పిచ్చుక

తా.క. ఇదంతా చేసేముందు స్కాన్లన్నీ పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి. ఫార్మాట్ చేస్తే ఒక్కటీ మిగలదు.

*

పిచ్చుకమ్మకు.

నువ్వు చెప్పింది పొల్లుపోకుండా చేశాను. చేశాక తా.క. చదివాను. నీ తా.క.లు నవ్వుకోడానికని చివరికి దాచుకుంటాను తల్లీ, అదే నా కొంప ముంచింది.

రెండు రోజులు షాపు తియ్యలేదు. ఏడ్చాను, నీ దగ్గర దాపరికం ఎందుకు. మూడో రోజు పళ్ళ డాక్టరు కోటు గుడ్డతో వచ్చాడు. తలొంచుకుని టేపు తీశాను. నడుము నలభై రెండు! పాతికేళ్ళుగా ముప్పై నాలుగుకే కుడుతున్నాను. "మరి ఇన్నాళ్ళూ ఎలా పట్టాయండీ?" అన్నాను. ఆయన చాలాసేపు నసిగి, "పట్టలేదండీ. మీకు చెప్పడానికి మొహమాటం. ఎదురు షాపులో విప్పించి కుట్టించుకుంటున్నాం" అన్నాడు. కుట్టించుకుంటున్నాను అనలేదు, చూశావా? కుట్టించుకుంటున్నాం!

ఇంటికొచ్చి మీ అత్తయ్యతో చెప్పాను, నవ్వుతుందని. నవ్వలేదు. బీరువా తెరిచి నేను కుట్టిన జాకెట్లన్నీ బయట పెట్టింది. అన్నిటికీ ఎదురు షాపువాడి కుట్టే. "ఊళ్ళోవాళ్ళందరికీ ఒక్కసారైనా టేపు పెట్టారు. నాకు పెళ్ళిలో మా అమ్మ చెప్పిన కొలతేగా రాసుకున్నారు" అంది.

ఆ పూటే నిలబెట్టి కొలిచాను. రెండుసార్లు సరిచూసి, కాగితం మీద రాసి స్కాన్ చేశాను. ఇప్పుడు హోమ్‌లో నాలుగు వందల నలభై రెండు జీబీ ఉంది. అందులో ఒక్కటే పేజీ.

మావయ్య

తా.క. ఎదురు షాపువాడు కూడా కంప్యూటరు కొన్నాడు, డిస్కు ఎలా కత్తిరించాలని అడిగాడు. నీ అడ్రసు ఇవ్వలేదు. నా మొదటి లెక్క ఇచ్చాను.