తాళం వేయని ఏడు రోజులు

మంగళవారం

పక్కింటి రూత్ భర్త పోయి ఇవాళ్టికి పన్నెండో రోజు. కారం తగ్గించి పప్పుచారు కాచి తీసుకెళ్ళాను.

"ఊళ్ళో లేవేమో అనుకున్నా లక్ష్మీ," అంది నన్ను కావలించుకుని.

మా ఆయన పోయినవారమే అన్నారు, "రోజూ వాళ్ళింటి ముందు కార్లు ఆగుతున్నాయి, మనమూ ఓసారి వెళ్ళొద్దామే" అని. పదకొండు రోజులు గడవనివ్వండి, ఆవిణ్ణి ఇప్పుడు కదిలించకూడదు అన్నాను. రూత్‌కీ అదే చెప్పాను, మా పద్ధతి అని.

"మా యూదుల్లో మనుషులు రావాల్సింది ఆ మొదటి ఏడు రోజులే. ఎవరూ బెల్ కొట్టే పని లేకుండా తలుపుకి తాళం వేయం. నీకోసం చూశాను," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నిరుడు మా అమ్మ పోయిందని మన దేశం నుంచి ఫోనొచ్చినప్పుడు, ఈ డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. నేను నోరు విప్పేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మైల సంగతి ఆమెకెవరూ చెప్పలేదు మరి.

ఆమెకి చెప్పలేనిది ఇక్కడైనా రాయాలి. పద్ధతి అన్నది సాకు. మొన్న శనివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ముప్పై మందిని పిలుచుకున్నాను. మైల అంటుతుందని వెళ్ళలేదు. వ్రతం చాలా బాగా జరిగిందన్నారు అందరూ.

ఇవాళ నేను బెల్ కొడితే, రూత్ కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి తాళం తీసింది. ఆ ఏడు రోజుల్లో వచ్చుంటే, చేత్తో తోస్తే తెరుచుకునేది.