పెసర రంగు ఫియట్‌లో టక్‌టక్

దేవరకొండ,
12 జూన్ 2019

ప్రియమైన భిక్షపతికి,

మన కారు బాగుచేయడం అయిపోయింది. ఈ మాట రాయడానికి నాలుగేళ్లు పట్టింది కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను: అయిపోయింది. నిన్న అసర్ నమాజు తర్వాత షెడ్డులోంచి తీసి ఖిల్లా దాకా పోయి వచ్చాను. సీట్లకు నువ్వు నేసి పంపిన ఇటుక రంగు గుడ్డ మీద కూర్చోవడానికి మనసొప్పలేదు. తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను.

కట్టంగూర్‌లో పెద్దులు అనే అతని ఇంటి వెనక ఈ ఫియట్‌ను మొదటిసారి చూసిన రోజు గుర్తుందా? వెనక సీటు నిండా కోళ్లు. "కారు మీరు తీస్కపోతె నా కోళ్లు యాడ పండాలె?" అని అతను అడ్డం తిరిగితే, నువ్వు బజారుకు పోయి రెండు గంపలు కొనిచ్చావు. అప్పుడు కదిలింది బేరం. ఆ తుక్కు ఇప్పుడు పెసర రంగులో నిగనిగలాడుతోంది.

ఇక ఎలా అమ్మాలో చెప్పు. మా అబ్బాయి ఫరాజ్ ఫోన్‌లో ఫోటోలు పెడదామంటున్నాడు. మీ ఖమర్ వదిన అమ్మవద్దు, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుకుందామంటోంది. ముప్పై ఏళ్లుగా బట్టల షాపు నడుపుతున్నవాడివి, అమ్మకం సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

ఎక్కువ ఆలస్యం చేయలేను. హైదరాబాద్‌లో చెవుల డాక్టరు మళ్లీ అదే రాసిచ్చాడు. వినకుండా ఎంత కాలం ఉంటే మాటలు పోల్చుకోవడం అంత కష్టమవుతుందట, ఈ ఏడాదిలోనే మంచి మెషీన్లు పెట్టించుకోవాలట. నా వాటా మొత్తం వాటికే. మనవరాలు ఉమేరాకు మాటలు వస్తున్నాయట. నా ముందు కూర్చుని పెదవులు కదుపుతుంది. నేను నవ్వుతాను. అదేమంటోందో నాకు తెలియదు, భిక్షపతీ. ఆ పిల్ల ఇంకా చిన్న చిన్న మాటలు మాట్లాడుతుండగానే వినాలని ఉంది.

మిగతా అంతా క్షేమం. రంజాన్ నుంచి కుడి దవడ కొంచెం లాగుతోంది, అంతే.

చెల్లెలు రాజమణికి సలాం.
నీ
లియాఖత్ అలీ


షాద్‌నగర్,
20 జూన్ 2019

ప్రియమైన లియాఖత్ భాయ్‌కి,

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. కొనడానికి వచ్చినామె చీర సంగతి మరిచి కారు ఎంతకిస్తారని అడిగింది!

పెళ్లిళ్ల కిరాయి మాట ఎత్తకు. వదినకు నా దండం చెప్పు. పెళ్లికొడుకు దోస్తులు బానెట్ మీదికెక్కి ఎగురుతారు, నీ పెసర రంగు నెల తిరక్కుండా పోతుంది. సినిమావాళ్లకైతే అసలే వద్దు. ఆఖర్న తగలబెడతారు.

ఫరాజ్ చెప్పిందే మంచిది. మా అమ్మాయి హారికతో ఫోటోల కింద రాయిస్తాను. నాలుగున్నర లక్షలని పెడదాం. చూడటానికి వచ్చేవాళ్లు నీ దగ్గరికే వస్తారు. నువ్వు చేయాల్సింది ఒక్కటే. మేము చీర మడత విప్పేటప్పుడు ముందు కొంగు చూపిస్తాం. నువ్వు కూడా ముందు కొంగు చూపించు. రంగు, సీట్లు, పాత గడియారం, ఇవన్నీ చూపి, ఇంజన్ స్టార్ట్ చేసి, పక్కకు జరిగి నిలబడు. మిగతాది కారే చెప్పుకుంటుంది.

ఫోన్‌లో నీకు వినపడదు, మెసేజ్‌లో నాకు తిట్టడం చేతకాదు. కాబట్టి ఏం జరిగినా ఉత్తరమే రాయి.

నీ మెషీన్ల కోసం నాకూ తొందరగానే ఉంది. నీతో పలక మీద సుద్దతో రాసి మాట్లాడి మాట్లాడి నా తెల్లచొక్కాలన్నీ ఇంకా తెల్లబడ్డాయి.

నీ తమ్ముడు
భిక్షపతి


దేవరకొండ,
14 జూలై 2019

ప్రియమైన భిక్షపతికి,

మొదటి గిరాకీ వచ్చి పోయాడు. పోయాడు అని ఎందుకు రాశానో కింద చదువు.

హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగమట. నీ సీటు గుడ్డను చేత్తో తడిమి తడిమి చూశాడు. నువ్వు చెప్పినట్టే కొంగు అంతా చూపించాను. అడ్వాన్సు ఇవ్వడానికి ఫోన్ తీశాడు కూడా. అప్పుడు నాకు మనసు ఆగలేదు. "సార్, జర ఆగుండ్రి. ఇంజన్ల ఒక టక్‌టక్ ఉంది. నేనింక పట్టలె" అని చెప్పేశాను.

నా పద్ధతి నీకు తెలుసు. చెవులు పోయినప్పటి నుంచి పెద్ద స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య బిగబడతాను. ఇంజన్ అదురు పళ్ల లోంచి నేరుగా తలలోకి వస్తుంది. బేరింగ్ ఏమంటోంది, వాల్వ్ ఏమంటోంది, అన్నీ తెలుస్తాయి. ఈ బండిలో అన్నీ బాగున్నాయి కానీ లోపలెక్కడో సన్నగా టక్, టక్. వేగం పెంచితే అదీ పెరుగుతోంది. తెలిసీ చెప్పకుండా ఎట్లా అమ్మను?

అతను చెవి పెట్టి చూశాడు. నాకేం వినిపిస్తలేదని పలక మీద రాశాడు. "మీకు వినిపియ్యది సార్, నాకు తెలుస్తది" అన్నాను. ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇంజన్ దించుతున్నాను. పది రోజుల్లో పట్టేస్తాను.

నీ
లియాఖత్ అలీ


షాద్‌నగర్,
6 ఆగస్టు 2019

లియాఖత్ భాయ్‌కి,

ప్రియమైన అని ఈసారి రాయడం లేదు. కోపం తగ్గాక రాస్తాను.

పోయిన ఆదివారం నేనే వచ్చాను కదా. నా ఎదురుగానే ఇంజన్ మళ్లీ ఎక్కించావు. కొండమల్లేపల్లి దాకా నేనే నడిపాను. పక్కన మా అబ్బాయి సాయిని కూర్చోబెట్టుకున్నాను, వాడి చెవులు చీమ నడిచినా పడతాయి. ఏ చప్పుడూ లేదు. ఆ మాట పలక మీద పెద్ద అక్షరాలతో రాస్తే నువ్వేమన్నావు? "మగ్గం కాడ పుట్టినోనివి, నీ చెవులు ఎన్నడో మొద్దువారినయ్" అన్నావు. సాయి ఏ మగ్గం దగ్గర పుట్టాడు?

ఆ సాయంత్రమే నల్లగొండ నుంచి వచ్చిన ఆ దంపతులకు నేను కారు తలుపు తీస్తున్నాను. ఆమె "శానా ముద్దుగుందండీ" అంటోంది. నువ్వు గడపలోంచే "టక్‌టక్ ఉంది!" అని కేకేశావు. నీకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచావో నీకు తెలియదు. ఎదురింటి వాళ్లు కూడా బయటికి వచ్చారు.

భాయ్, మరకున్న చీర అమ్మితే పాపం. లేని మరకను చూపించి చీర పాడుచేయడం ఏం పుణ్యం? దయచేసి ఆ ఒక్కమాట మింగేయి. నీకోసం కాదు, ఉమేరా కోసం.

భిక్షపతి


దేవరకొండ,
9 సెప్టెంబరు 2019

ప్రియమైన భిక్షపతికి,

నువ్వు రాయకపోయినా నేను ప్రియమైన అనే రాస్తాను.

ఇంజన్ మూడోసారి దించాను. బేరింగులు మార్చాను. వాల్వులను ఎత్తే టాపెట్లు మళ్లీ సరిచేశాను. పళ్ల మధ్య పిడి పెడితే అదే టక్‌టక్. నలభై రెండేళ్ల పనిలో ఇంతగా నన్ను ఏడిపించిన బండి లేదు. రాత్రి అన్నం కూడా మెత్తగా పిసికి తింటున్నాను, దవడ నొప్పి అంతలా ఉంది. పట్టుదలకు పళ్లు కొరుక్కోవడం వల్లేనని ఖమర్ తిడుతోంది.

ఈ నెలలో ఇద్దరు వచ్చారు. ఒకామె మహబూబ్‌నగర్ నుంచి, పేరు సుహాసిని, కాలేజీలో లెక్కలు చెబుతారట. వాళ్ల అమ్మ నర్సింగమ్మగారిని వెంట తెచ్చారు. ఆ పెద్దామె చిన్నప్పుడు ఇలాంటి బండిలోనే ఒకసారి శ్రీశైలం పోయారట, మళ్లీ ఎక్కించాలని కూతురి కోరిక. నేను టక్‌టక్ సంగతి చెప్పాను. మా కోడలు నౌరీన్ ఆమె జవాబు పలక మీద రాసింది: "గా చప్పుడు దొరికినంక నాకు జాబు రాయుండ్రి. అప్పటిదాంక నేను ఇంకో కారు చూడ." అడ్రసు ఇచ్చి పోయారు. మంచి మనిషి. కానీ చప్పుడు దొరకందే ఏమని రాయను?

రెండోవాడు హైదరాబాద్‌లో పాత కార్ల వ్యాపారి. రెండు లక్షలిస్తాడట. ఇంజన్ పీకి పారేసి వేరేది వేసుకుంటాడట. నా ఇంజన్‌ను! ఆ మాట చదివి పలక బోర్లించేశాను.

అయినా, భిక్షపతీ, అతనికే ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఓడిపోయాను. ఈ 25న వస్తానన్నాడు. నా వాటాతో ఒక్క చెవికి మెషీన్ వస్తుంది. ఉమేరాను ఆ చెవి వైపే కూర్చోబెట్టుకుంటాను.

నువ్వు ఒప్పుకుంటేనే. సగం బండి నీది.

నీ
లియాఖత్ అలీ


షాద్‌నగర్,
15 సెప్టెంబరు 2019

ప్రియమైన లియాఖత్ భాయ్‌కి,

ఒప్పుకున్నాను. ఒక షరతు. నా వాటా కూడా కలుపుకొని రెండు చెవులకూ కొనుక్కో. ఎదురు చెబితే దేవరకొండ వచ్చి మరీ కొట్లాడుతాను. ఒంటి చెవితో నా తిట్లు సగమే వింటావు, అది నాకు నష్టం.

నీ ఉత్తరం చదివి రాజమణి కళ్లు తుడుచుకుంది. "అన్నకు పానం బాలేనట్టుంది, ఏం తింటలేడు" అని నిన్నంతా కూర్చుని సకినాలు పోసింది. ఈసారి కొంచెం ఎక్కువ కాలాయి, గట్టిగా ఉన్నాయి. దేవరకొండ బస్సు డ్రైవర్‌కు డబ్బా ఇచ్చి పంపుతున్నాను. చాయ్‌లో ముంచుకుని తిను.

నీ తమ్ముడు
భిక్షపతి


దేవరకొండ,
18 సెప్టెంబరు 2019

ప్రియమైన తమ్ముడు భిక్షపతికి, అంతకంటే ప్రియమైన చెల్లెలు రాజమణికి,

వ్యాపారిని రావద్దని ఫరాజ్‌తో ఫోన్ చేయించాను. సుహాసినిగారికి జాబు రాశాను. టక్‌టక్ దొరికింది!

నిన్న సకినాల డబ్బా అందింది. చాయ్ వచ్చేదాకా ఆగలేక ఒకటి కొరికాను. రాయి పడిందనుకున్నాను. చూస్తే చేతిలో నా కుడి దవడ పన్ను, వేర్లతో సహా. రంజాన్ నుంచి ఊగుతున్నదన్నమాట అది. నాకు నొప్పే తెలిసింది గానీ ఊగడం తెలియలేదు.

నోరు కడుక్కుని అద్దంలో ఆ ఖాళీని చూసుకుంటూ నిలబడ్డాను. స్క్రూడ్రైవర్ పిడిని ఎప్పుడూ కుడివైపే కదా పట్టేది! షెడ్డుకు పరుగెత్తాను. ఖమర్ వెనకాలే అరుస్తూ వచ్చిందట. ఇంజన్ స్టార్ట్ చేసి, పిడిని ఎడమవైపు బిగబట్టాను. భిక్షపతీ, ఒట్టు, దానిలో ఏమీ లేదు. నీళ్లు పారుతున్నట్టు నడుస్తోంది. వేగం పెంచాను. ఏమీ లేదు. షెడ్డులో కూర్చుని నవ్వాను, తర్వాత కొంచెం ఏడ్చాను.

మూడుసార్లు దించిన ఇంజన్‌కు ఏ రోగమూ లేదు. టక్‌టక్ నా నోట్లో ఉంది. ఫరాజ్ నడిపే ఆటోకు ఒక్కసారి స్క్రూడ్రైవర్ ఆనించి చూసినా తెలిసేది. కానీ ఏ ఆటోకైనా టక్‌టక్ ఉండేదే, లేకపోతే కదా నేను ఆశ్చర్యపోయేది!

సాయికి నా తరఫున చెప్పు, వాడి చెవులు బంగారం. నీ చెవులూ బంగారమే. నలభై రెండేళ్ల మేస్త్రీకి పట్టుబడనిది రాజమణి సకినంతో బాగుచేసింది.

నీ
లియాఖత్ అలీ


దేవరకొండ,
25 అక్టోబరు 2019

ప్రియమైన భిక్షపతికి,

డబ్బులో సగం నీకు అందిందని ఫరాజ్ చెప్పాడు. తిప్పి పంపావో, దేవరకొండ నుంచి నేనే వచ్చి కొట్లాడుతాను.

కారు ఇచ్చేసిన రోజు నువ్వు షాపు వదిలి రాలేకపోయావు కాబట్టి రాస్తున్నాను. సుహాసినిగారు తల్లిని తీసుకునే వచ్చారు. "చప్పుడు యాడ దొరికింది సార్?" అని పలక మీద రాసి అడిగారు. నేను నోరు తెరిచి ఖాళీ చూపించాను. నర్సింగమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్వారో, ఎక్కించబోతే కారు తలుపు పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నారు. సుహాసినిగారు ఒక్క రూపాయి తగ్గించమనలేదు. "మీరు మొదటి దినమే చెప్పకపోతె నేను మళ్ల వచ్చెటిదాన్ని కాదు" అని పలక మీద రాసిచ్చారు. ఆ పలకను నేను తుడవలేదు. ముందు కొంగు చూపించాలన్నావు. ఈమె మరక చూసి కొన్నారు.

కారు ఖిల్లా మలుపు తిరిగేదాకా చూశాను. మెషీన్లు తర్వాత వచ్చాయి కాబట్టి దాని గొంతు నేనింకా వినలేదు. ఆయిల్ మార్పించడానికి వచ్చే నెల తెస్తానన్నారు. ఆరోజు నువ్వూ రావాలి, స్క్రూడ్రైవర్ లేకుండా విందాం.

నిన్న రెండు చెవులకూ పెట్టారు. ఫ్యాను ఇంత గోల చేస్తుందని మరిచిపోయాను. ఖమర్ గొంతు మారలేదు. ఇంటికి రాగానే ఉమేరా తుర్రున వచ్చి కాళ్లు చుట్టుకుని ఏదో అంది. ఇన్నాళ్లూ అందరూ నాకు "నిన్ను దాదా అంటాంది" అనే చెప్పేవాళ్లు. నిన్న వాళ్లంతా గోడకానుకుని నా ముఖం చూస్తూ నవ్వు ఆపుకుంటున్నారు. ఇంకోసారి అనమ్మా అన్నాను. అంది.

"టక్‌టక్ దాదా."

వచ్చినవాళ్లందరికీ నేను చెప్పిన మాటే అది. జూలై నుంచి అలాగే పిలుస్తోందట నన్ను. దిద్దవద్దని అందరికీ చెప్పాను. పొద్దుటి నుంచి ఇప్పటికి ఇరవైసార్లు పిలిచింది, ఇరవైసార్లూ పలికాను. అదిగో, మళ్లీ పిలుస్తోంది.

ఇట్లు, నీ
టక్‌టక్ లియాఖత్