పైపు మీద పగిలిన దారి

బోధన్, గురువారం రాత్రి

మా తోటికోడలు రమ పై అంతస్తు కడుతోంది. ఆ గోడలు లేస్తున్నకొద్దీ నాకు అన్నం సహించడం లేదు. ఈ పొద్దున ఆమెకు కోటగిరి నుంచి ఇసుక తెచ్చిన టిప్పర్, మా రెండిళ్లకూ కలిపి వేసుకున్న సిమెంటు దారిలో దిగబడింది. దారి నిలువునా పగిలింది. నిజం రాసుకోవాలంటే, నాకు సంతోషమే వేసింది.

కూలీలందరి ముందూ, "టిప్పర్ నీది. దారి నువ్వే ఏపియ్యాలె," అన్నాను.

"సరే అక్క, నేనే ఏపిస్త తియ్," అంది రమ.

సాయంత్రం మేస్త్రీ ఖాజా భాయ్ పెచ్చులు తీసి చూశాడు. "గిక్కడ కింద అంత బోలు ఉన్నది. ఎవరో పైపు కోసం తవ్వి సరిగ పూడ్సలే," అన్నాడు.

ఆ పైపు మాది. పోయిన ఎండాకాలం వేయించాం. చాలాసేపు ఇంట్లోనే తిరిగి, చివరికి రమ గడప దగ్గరికి వెళ్లాను.

"రమా, తప్పు మాది గూడ ఉన్నది. సగం మేం పెట్టుకుంటం."

"నాకెరికే అక్క. మీరు తవ్విన్నాడు నేను ఈడనే ఉన్న గదా."

"మరి పొద్దుగాల ఎందుకు అనలే?"

"గంతమంది ముందట నీ ఇజ్జత్ ఎందుకు తీసుడని."

సగానికి ఒప్పుకుంది. చాయ్ తాగి పొమ్మంది కానీ, నేను ఆగలేదు.

ఆ మేడలాంటిది ఎప్పుడో ఒకనాడు మేమూ కట్టుకుంటామని నాకు నేను చెప్పుకునేదాన్ని. మేడైతే కట్టుకోవచ్చేమో కానీ, ఆమె స్థానంలో నేనుంటే, ఆ పైపు మాట పొద్దున్నే, అందరూ వినేలా అనేసేదాన్ని...