హోనర్ ముత్తవ్వ సమాధిలో ఒక్కరికే చోటు

జూలై 1, మంగళవారం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

ఈ రోజు నుంచి మా లావెల్ వంశం పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నాను. సరదాకి కాదు. మా అట్రాక్టా పెద్దమ్మకి తొంభై ఒకటి. గుండె నీరసించిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆవిడది ఒకటే పాట. తనని పాత మఠం దగ్గర, వాళ్ల నాయనమ్మ హోనర్ సమాధిలోనే పెట్టాలట. కొత్త సమాధుల తోటలో వద్దట. కొత్త తోటలో పెదనాన్న ఉన్నాడు. ఆయనతో పేచీ లేదు. ఆయన పక్కనే ఆయన తల్లి కూడా ఉంది. అదీ పేచీ.

"ముప్ఫై ఏళ్లు ఆవిడతో ఒకే పొయ్యి ముందు కూర్చున్నానే డింఫ్నా! టీ పెడితే పల్చన అనేది, రొట్టె కాలిస్తే రాయి అనేది. చచ్చాక కూడా ఆవిడ పక్కనేనా? ఇదేం న్యాయమే?"

పాత మఠం తోటని ఎప్పుడో మూసేశారు. అక్కడున్న వాళ్ల వారసులమని కాగితాలు చూపిస్తేనే కౌన్సిల్ వాళ్లు గుంట తెరవనిస్తారు. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. ఈ మాత్రం చెయ్యలేనా?

నియమాలు:
1. కాగితం చెప్పిందే నిజం. జనాభా లెక్కలు, వీలునామాలు, సమాధుల పుస్తకం. ఊరి కబుర్లు నమ్మరాదు.
2. పని పూర్తయ్యేదాకా ఎవరికీ ఒక్క ముక్క చెప్పరాదు. (ఇది పెద్దమ్మ షరతు. "తవ్వితే ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసే" అంది.)
3. రోజూ ఒక గంట.

రెండో నియమం చదివి మా ఆయన ఫెలిమ్ టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. నేను ఊళ్లో ఆడవాళ్ల జుట్టు కత్తిరించే షాపు నడుపుతాను. అయితే ఏం? కత్తెర వేరు, నోరు వేరు.

జూలై 3, గురువారం

లైబ్రరీ. గంట అనుకుంటే మూడు గంటలు! 1901 జనాభా లెక్కల్లో మా ఇల్లు దొరికింది! హోనర్ లావెల్, విధవ, వయసు 52. పెద్ద కొడుకు జాన్, చిన్న కొడుకు ఆంథొనీ, మధ్యలో ఆడపిల్లలు. ఈ ఆంథొనీయే పెద్దమ్మకీ మా అమ్మకీ నాన్న. హోనర్ మొగుడు చేపలకి వెళ్లి సముద్రంలోనే పోయాడు, శవం కూడా దొరకలేదు. పిల్లల్ని ఒక్కతే పెంచింది.

ఇంత తేలికా! జనం ఏళ్లకేళ్లు ఎందుకు కష్టపడతారో అర్థం కాదు. ఆదివారానికల్లా అయిపోతుంది.

ఎవరికీ చెప్పలేదు. షాపుకొచ్చే నా నేస్తం గొరెట్టి జుట్టుకి రంగు వేస్తూ కూడా చెప్పలేదు!!

జూలై 4, శుక్రవారం

1911 లెక్కలు చూశాను. అదే ఇల్లు, అదే పిల్లలు. ఆంథొనీకి పన్నెండు ఉండేది, ఇరవై రెండు అయింది. జాన్‌కీ పదేళ్లు పెరిగాయి. ఆవుకి కూడా పదేళ్లే పెరిగి ఉంటాయి. హోనర్‌కి మాత్రం 72!

పదేళ్లలో ఇరవై ఏళ్లు పెరిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు. సమాధి రాయి మీద చూస్తే 1926లో 87 ఏళ్ల వయసులో పోయిందని ఉంది.

కౌన్సిల్‌కి ఫోన్ చేశాను. ఓర్లా అనే అమ్మాయి. మర్యాదస్తురాలు.

"ఇద్దరు హోనర్లు ఉండుంటారండీ. మొదటావిడ పోయి, ఆ ఇంట్లోకి రెండో ఆవిడ వచ్చుంటుంది. సమాధిలో ఉన్నది మీవాళ్లావిడేనని ఇంకో కాగితం ఏదైనా ఉంటే పంపండి."

"రెండో హోనర్ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? చెట్లకి కాస్తారా?"

"కాగితం పంపండి మేడమ్."

జూలై 7, సోమవారం

పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. సంగతి చెప్పగానే తలుపు మూసి రమ్మంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరం, ఒక పిల్లి.

"1909లో డెబ్భై నిండినవాళ్లకి పింఛనిస్తామన్నారే అప్పట్లో మనల్ని ఏలే లండన్ వాళ్లు. ఈ ఊళ్లో పుట్టిన కాగితాలు ఎవరికేడిశాయి? ఆఫీసరు వచ్చి వయసెంతమ్మా అన్నాడు. మా నాయనమ్మ శాలువా ముసుగేసుకుని, వంగి, కర్ర పట్టుకుని, డెబ్భై దాటాయి బాబూ అంది. అతను రాసుకుని వెళ్లాడు. వెళ్లగానే కర్ర పారేసి, పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డలు తవ్వడానికి పోయింది."

"రాయి మీద 87 అనుంది కదా పెద్దమ్మా?"

"మరి? ఒకసారి డెబ్భై అన్నాక చచ్చేదాకా అదే లెక్కలో నడవాలి కదే! మాటంటే మాటే."

ఎవరికీ చెప్పొద్దని మేరీ మాత బొమ్మ మీద ఒట్టు వేయించుకుంది. ఇప్పటికీ ప్రభుత్వం వాళ్లు వెనక్కి అడుగుతారని భయం.

హోనర్ ముత్తవ్వ వీలునామా రాసిందట. డబ్లిన్‌లో నకలు ఉంటుందట. అందులో పిల్లల పేర్లుంటే రుజువు దొరికినట్టే. వెంటనే ఉత్తరం పెట్టాను. నోరు మూసుకున్నాను.

జూలై 9, బుధవారం

నోరు మూసుకుంటే చెవులు దిబ్బడ వేస్తున్నాయి.

జూలై 12, శనివారం

వాన. షాపులో పెళ్లివాళ్లు, పదకొండు తలలు. గంట కుదరలేదు. మూడో నియమం "రోజూ" అంటే వారానికి ఒకసారి అని కూడా అనుకోవచ్చు.

జూలై 15, మంగళవారం

జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

గొరెట్టి డ్రయ్యర్ కింద కూర్చుంది. డ్రయ్యర్ హోరులో ఏమీ వినపడదు కదా అని నాలో నేను అన్నట్టుగా పింఛను సంగతి, సమాధి సంగతి అన్నాను. పెదాలు కదిలాయేమో. గొరెట్టి డ్రయ్యర్ ఎత్తేసింది.

"ఏంటీ? ఇరవై ఏళ్లా? ఒక్క దెబ్బకా? ఏమే, మా ముత్తవ్వది కూడా చూసి పెట్టవే!"

చూశాను. పద్దెనిమిదేళ్లు పెరిగింది. గొరెట్టి గర్వంతో రోలర్లు విప్పకుండానే రోడ్డు మీదికి పరిగెత్తింది.

నేను చెప్పింది ఒక్కరికే. ఒక్కరికి చెబితే చెప్పినట్టు కాదు.

జూలై 26, శనివారం

షాపు బయట వరస. ఎవరికీ జుట్టు పెరగలేదు! అందరికీ ముత్తవ్వలు కావాలి. ఇరవై ఒక్క ఏళ్లతో మాంసం కొట్టువాళ్ల ముత్తవ్వ ముందుంది. ఫాదర్‌గారి ముత్తవ్వకి తొమ్మిదేళ్లే పెరిగాయట, ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

మావాళ్ల కోసం లైబ్రరీలో కూర్చుని మూడు వారాలు దాటింది. ఊరందరి వంశాలూ నా నోటికొచ్చేశాయి, మా వంశం ఒక్కటే అక్కడే ఆగింది. కబుర్లు కూడా ఒక రకం కాగితాలే. (మొదటి నియమానికి చిన్న సవరణ.)

ఫెలిమ్ అన్నాడు: "నీ నోట్లో నువ్వుగింజ నానదే." అనడానికి ఆయనకేం, ఆయనకి కబుర్లు చెప్పేవాళ్లే లేరు.

ఆగస్టు 5, మంగళవారం

మాలకీ అన్నయ్య వచ్చాడు. హోనర్ పెద్ద కొడుకు జాన్‌కి మనవడు. డెబ్భై ఏళ్లు. పెళ్లి లేదు, గొర్రెలున్నాయి. నా దగ్గర జుట్టు కత్తిరించుకునే ఒకే ఒక్క మగవాడు.

"అమ్మాయ్, వెనకాల కాస్త ఎక్కువ తియ్యి. అన్నట్టు, హోనర్ సమాధిలో ఇంకొకరికి చోటుందని గొరెట్టి చెప్పింది."

కత్తెర ఆగింది.

"నేనూ దరఖాస్తు పెట్టానులే. చిన్నప్పటి నుంచీ ఆ గోడవతలే గొర్రెలు మేపాను. అక్కడైతే వాటిని చూసుకుంటూ ఉండొచ్చు."

"అది పెద్దమ్మ కోసం అన్నయ్యా! ఆవిడ అడిగిన ఒకే ఒక్క కోరిక!"

"నేనూ అదే ఒకటి అడుగుతున్నాను. పెద్ద కొడుకు వంశం మాది."

ఒక చెవి పైన జుట్టు కొంచెం ఎక్కువ తెగింది. కావాలని కాదు. కావాలనే.

ఆగస్టు 9, శనివారం

ఓర్లా ఫోన్.

"వీలునామా వస్తే మీ ఇద్దరి హక్కూ రుజువవుతుందండీ. కానీ ఒక్కరికే చోటు. ఎవరో ఒకరు వదులుకున్నట్టు సంతకం పెట్టాలి. లేకపోతే..."

"లేకపోతే?"

"లేకపోతే... ముందు ఎవరైతే..."

పూర్తి చెయ్యలేదు. మంచి పెంపకం.

ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పను. చస్తే చెప్పను.

ఆగస్టు 12, మంగళవారం

చెప్పాను.

ఆగస్టు 17, ఆదివారం

చర్చిలో పూజ జరుగుతుంటే మాలకీ అన్నయ్య దగ్గాడు. మామూలు దగ్గు కాదు. వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి ఫాదర్‌గారి ప్రసంగం అంతా దగ్గాడు. ఊరంతా పెద్దమ్మ వైపు చూసింది. ఇప్పుడు నీ వంతు అన్నట్టు.

పెద్దమ్మ ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు అదే అనుమానం వేసింది. ఇంటికి తీసుకెళ్లి గుండె మాత్రల డబ్బా తెరిచి చూశాను. మంగళవారం నుంచి అన్నీ అలాగే ఉన్నాయి.

"ఇదేంటి పెద్దమ్మా!"

"వాడు కుర్రాడు, డెబ్భై ఏళ్లు. వాడికంటే వెనకబడితే ఆ చోటు పోతుందే."

నాకు నవ్వు రాలేదు. గొరెట్టికి చెప్పకపోతే మాలకీకి తెలిసేది కాదు, నేను నోరు జారకపోతే ఈ మాత్రలు ఈ డబ్బాలో ఉండేవి కావు. నా నోటి దురద పెద్దమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమిరింది. మాత్ర మాత్రం వేసుకోలేదు.

ఆగస్టు 21, గురువారం

వీలునామా వచ్చింది!

పిల్లలందరి పేర్లూ ఉన్నాయి. ఇల్లు జాన్‌కి. గోధుమరంగు ఆవు ఆంథొనీకి. ఈకల పరుపు పెద్ద కూతురికి. రుజువు దొరికింది. చివర్న ఇంకో ముక్క ఉంది:

"నన్ను మా పుట్టింటివాళ్ల దగ్గర పూడ్చండి. నా భర్త తల్లి సబైనా పక్కన మాత్రం వద్దు. ఆ ఇంట్లో ఆమె మాటలు పడ్డది చాలు."

సంతకం చోట ఇంటూ గుర్తు. చదువు రాదు. అయినా ఈ ఒక్క మాట రాయించడానికి వకీలు దగ్గరికి అంత దూరం నడిచి వెళ్లింది.

ఆగస్టు 22, శుక్రవారం

ఫాదర్‌గారి ఇంట్లో పాత సమాధుల పుస్తకం చూశాను. 1926 మార్చి: "హోనర్ లావెల్. సబైనా లావెల్ గుంట తెరిచి అందులోనే పెట్టాం. అలా కోరినది పెద్ద కొడుకు జాన్."

రాయి మీద సబైనా పేరు లేదు. ఎవరికీ తెలియదు. ఒక్క కోరిక కోరితే, సొంత కొడుకు అత్తగారి నెత్తిన తీసుకెళ్లి పెట్టాడు. ముత్తవ్వని చూడను కూడా లేదు, అయినా ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? అత్తగారి పక్కన వద్దు బాబోయ్ అని పెద్దమ్మ ఏ గుంటకి పారిపోతోందో, అందులోనూ ఒక అత్తగారే ఉంది!

పెద్దమ్మకి చెప్పను. ఈసారి నిజంగా చెప్పను.

ఆగస్టు 23, శనివారం

మాలకీకి చెప్పాను. పెద్దమ్మకి చెప్పననే కదా అనుకున్నది!

వీలునామా చదివి వినిపించాను. తర్వాత పుస్తకంలో ముక్క. అన్నయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మా తాతే చేశాడా ఇది?"

"మీ తాతే."

"కొత్త గుంట తవ్వించడానికి బద్ధకించి ఉంటాడు. అలాంటివాడే." కిటికీలోంచి గొర్రెల్ని చూశాడు. "అమ్మాయ్, నేను ఆ గుంటలోకి దిగితే ఆవిడ మొదట పట్టుకునేది నా గొంతే. నువ్వు జాన్ మనవడివేనా, రా అంటుంది. ఆ వదులుకునే కాగితం ఇటియ్యి."

సంతకం పెట్టాడు. దగ్గు కూడా పోయింది.

ఆగస్టు 24, ఆదివారం

కాగితం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. "చోటు నీదే పెద్దమ్మా, ఇంక మాత్రలు వేసుకో" అన్నాను. అంతవరకే చెప్పాలనుకున్నాను. ఆవిడ నా మొహం చూసింది.

"ఇంకేదో ఉంది. నీ గొంతులో అడ్డం పడింది. కక్కు."

కక్కాను. అంతా. వీలునామా, సబైనా, జాన్.

పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగింది. పొయ్యిలో పీట్ కాలుతోంది. నేను చేసిన పాడుపనుల్లో ఇదే పెద్దదనిపించింది.

"వద్దులే పెద్దమ్మా. ఇంకెక్కడైనా చూద్దాం. చర్చి వెనక కూడా అడుగుతాను..."

"అంటే," అంది పెద్దమ్మ మెల్లగా, "మా నాయనమ్మ తొంభై తొమ్మిదేళ్ల నుంచీ అత్తగారితో ఒక్కతే ఉందన్నమాట. ఆవిడ తరఫున ఒక్క మాట అనే దిక్కు లేకుండా."

"అవును."

"మరి ఇంకెక్కడైనా చూద్దామంటావేమే పిచ్చిమొహమా! ఇప్పుడు నేను పోకపోతే ఇంకెవరు పోతారే ఆవిడకి తోడు? పైన పడుకునేది నేనే కదా?"

"నువ్వే. అందరికంటే పైన."

"సబైనా నోరెత్తిందంటే మడమతో ఒక్కటిస్తాను."

అని మంచినీళ్లు అడిగి మాత్ర వేసుకుంది. పక్కనున్న రెండో మాత్ర కూడా వేసుకుంది. "ఇంక తొందర లేదులే. ఇన్నేళ్లు ఆగింది, ఇంకో రెండు మూడేళ్లు ఆగలేదా" అంది.

నేను ఏడుస్తూ నవ్వాను. ఆవిడ నవ్వుతూ రొట్టె కోసింది.

ఆగస్టు 26, మంగళవారం

కొత్త పేజీ!

పొద్దున్నే పెద్దమ్మ ఫోన్. "ఆ సబైనా సంగతులన్నీ తవ్వవే. ఎవరి కూతురు, ఎక్కణ్ణుంచి వచ్చింది. కింద వాదన పడితే నా దగ్గర సరుకుండాలి." పెట్టేసింది. కాసేపటికి మళ్లీ చేసింది. "ఆవిడ అత్తగారెవరో కూడా చూడు. అత్తా ఒకింటి కోడలే కదా. ఏం పడిందో ఏమో పాపం."

ఈ రోజు నుంచి మళ్లీ మొదలు. నియమాలు:
1. కాగితం చెప్పిందే నిజం.
2. ఎవరికీ ఒక్క ముక్క చెప్పరాదు. ఈసారి ఒట్టు.
3. రోజూ ఒక గంట. రోజూ అంటే రోజూ.

షాపు తెరవగానే గొరెట్టి వచ్చి బేసిన్‌లో తల పెట్టి పడుకుంది.

"ఏమే, కొత్త కబుర్లేంటి?"

"ఏమీ లేవు" అన్నాను.

షాంపూ నురగ కడిగేదాకా నోరు విప్పలేదు.